సముద్రంలోనే చచ్చే పెట్టె

బల్ల మీద ఉన్నంతసేపూ ఆ పెట్టెకి ఏ రోగమూ లేదు. అనకాపల్లిలో బెల్లం గోడౌన్ పైనున్న రెండు గదుల ఆఫీసులో, ఫ్యాను కింద పెడితే వారాల తరబడి గుండ్రాయిలా పనిచేస్తుంది. బోటెక్కి సముద్రంలోకి వెళ్ళిందా, చచ్చి ఊరుకుంటుంది. ఒడ్డుకి తెచ్చి స్విచ్చి ఆపి వేస్తే, ఏమీ ఎరగనట్టు పచ్చ లైటు వెలిగించుకుని కూర్చుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ ఆఫీసులో కోడు రాసే సుజికి లాగి చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించేది. ఇనప పెట్టెకి చెంప ఎక్కడేడిచింది గనక!

దాని పని మహా పెద్దదేం కాదు. బోటు ఎక్కడుందో చుట్టుపక్కల బోట్లకీ, ఒడ్డునున్న రేడియోకీ చెబుతూ ఉండాలి. ప్రాణం మీదికొస్తే బోటులోని మనిషి ఎర్ర మీట నొక్కుతాడు. అప్పుడు చుట్టూ ఉన్న ప్రతి పెట్టే కూత పెట్టాలి. చేపల వేటకెళ్ళేవాళ్ళు దాన్ని బోట్ల మీద బిగించుకున్నది ఆ కూత కోసమే. ఆ కూతే అది పెట్టలేదు.

వేసవిలో వేట నిషేధం మొదలవడానికి కొంచెం ముందు, చంటిబాబు అనే అతని బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. మీట నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. ఎక్కడా ఏ పెట్టే కిక్కురుమనలేదు. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, మంచినీళ్ళు కూడా అయిపోయి, ఆఖరికి ఏదో ఓడ వాళ్ళ కంటబడి బతికి బట్టకట్టాడు. అతని భార్య దుర్గాలక్ష్మికి అప్పటికి నెలలు నిండాయి. ఆవిడ రేవులో పడి ఏడుస్తుంటే తీసిన ఫోటో పేపర్లో వచ్చింది. ఆ పేపరు ముక్క ఆఫీసులో ఎవరూ గోడకి అంటించలేదు. అంటించకపోయినా సుజికి కంప్యూటర్ తెరిచినప్పుడల్లా అదే కనబడేది.

ఆ ఆఫీసులో కెర్నెల్ కోడు ముట్టుకోగలిగింది సుజి ఒక్కతే. కెర్నెల్ అంటే పెట్టె లోపల అన్ని ప్రోగ్రాములకీ అడుగున కూర్చున్న పెత్తందారు. ఎవరికెంత మెమరీ ఇవ్వాలో, పని అయ్యాక ఎవరి దగ్గర్నుంచి తిరిగి లాక్కోవాలో అదే చూస్తుంది. చంటిబాబు పెట్టెలో మిగిలిన ఆఖరి లైను ఒకటే సంగతి చెప్పింది: మెమరీ మొత్తం అయిపోయింది, ఇవ్వడానికి ఏమీ లేక కెర్నెల్ ఒక ప్రోగ్రామ్‌ని చంపేసింది. చంపినదాన్నయినా సరిగ్గా చూసి చంపిందా? అన్నిట్లోకీ లావుగా ఉన్నదాన్ని పట్టుకుని చంపింది. అది ఎర్ర మీట నొక్కితే వినాల్సిన ప్రోగ్రామ్. పాపం చంటిబాబు నొక్కింది నిజమే, అవతల వినడానికి ఎవరూ లేరు.

ఆ ప్రోగ్రామ్ జోలికి పోవద్దని సుజి వెంటనే కెర్నెల్‌లో రాసేసింది. అది ఎంతసేపు? దాని బదులు ఇంకోదాన్ని చంపుతుంది, తర్వాత మరోదాన్ని, చంపడానికి ఎవరూ మిగలనప్పుడు పెట్టె మొత్తం కొయ్యబారిపోతుంది. అసలు మెమరీ అంతా తింటున్నది ఎవరో పట్టుకోవాలి. అదే చిక్కలేదు.

ఎండాకాలం అంతా ఆ పనే. తీసుకుని మరిచిపోయిన మెమరీని వెతికిపెట్టే సాధనం కెర్నెల్‌లోనే ఒకటుంది. దాన్ని నడిపితే "అంతా శుభ్రం" అంది. పెట్టెని ఎండలో పెట్టింది, ఫ్రిజ్‌లో పెట్టింది, ఊపుతూ పెట్టింది, ఉప్పునీళ్ళు చల్లింది. యాంటెన్నా పీకేసి చూసింది. పీకేస్తే రేడియో చిప్ అసలు మొదలే అవ్వకుండా ఎర్ర లైటు వేసి భీష్మించుకుంది తప్ప, ఒక్క చుక్క మెమరీ తినలేదు. చిప్ అమ్మిన కంపెనీకి రాస్తే, చిప్ కోడు కొత్త వెర్షన్ వేసుకోండి అని జవాబు. వేసింది. పెట్టె లేవడమే మానేసింది. ఆ సంగతి రాస్తే, పాత వెర్షన్‌కి వెళ్ళండి అని జవాబు. ఆ మెయిల్ చూసి సుజి కుర్చీలోంచి లేచి, బాల్కనీలోకెళ్ళి, కింద బెల్లం దిమ్మలు దింపుతున్న లారీ వంక చూస్తూ నోటికొచ్చినట్టు తిట్టుకుంది. ఆదివారం చర్చిలో పాటలు పాడే నోరేనా అది అని తనకే అనుమానం వచ్చింది.

ఆఫీసు యజమాని దేవప్రసాద్ చెడ్డవాడేం కాదు. తొందర మనిషి.

"సుజీ, నిషేధం అయిపోవచ్చింది. ఇంక వెతకడం ఆపు. గంటకోసారి పెట్టె దానంతటదే ఆగిపోయి మళ్ళీ లేచేటట్టు పెట్టెయ్. లేచినప్పుడల్లా మెమరీ ఖాళీ. గోల వదిలిపోద్ది" అన్నాడు.

"ఆగి లేచేదాకా మీట పనిచెయ్యదు కద సర్."

"ఎంతసేపూ? సరిగ్గా ఆ కాసేపట్లోనే మునిగిపోతారేటి?"

"మునిగేవోడు టైమ్ చూసుకుని మునుగుతాడేటి సర్?"

దేవప్రసాద్‌కి కోపం వచ్చింది. వచ్చినా, ఆమె అన్నది తప్పు అనలేకపోయాడు. "బోట్లు నీళ్ళలో దిగేలోగా పట్టుకుంటే నీ మాటే. పట్టుకోలేకపోతే నా మాట. ఇంక వాదించకు" అని బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

సముద్రంలో పెట్టెని ఏం చేస్తారో తెలిస్తే గదా పట్టుకోవడం! సుజి చంటిబాబు వాళ్ళ రేవు పెద్ద ఎర్రయ్యకి ఎన్నిసార్లు ఫోన్ చేసిందో లెక్క లేదు. ఎర్రయ్య చంటిబాబుకి స్వయానా మామ, దుర్గాలక్ష్మి కన్నతండ్రి.

"ఎర్రయ్య బాబాయ్, పెట్టె ఆగిపోయే ముందు మీరేం చేశారో ఒక్కసారి గుర్తు చేసుకుని చెప్పండి."

"నానేటి సేత్తానమ్మా! వల ఏసేను, వల లాగేను. మీ పెట్టె పీనుగలాగ పడుంది. అది తప్ప నాకేటి తెలుసు?"

"ఏదన్నా తగిలిందా? నీళ్ళు పడ్డాయా?"

"సముద్రంలో నీళ్ళు పడకుండా ఎలగుంటాదమ్మా! సదూకున్నదానివి, నన్నడుగుతావేటి? మీ పెట్టె నా కూతురి పసుపుకుంకాలు తుడిచేసుండేది. అది గేపకముంచుకో!" అని ఫోన్ పెట్టేసేవాడు.

తక్కిన బోటువాళ్ళని అడిగినా అదే పాట. ఏం చెయ్యలేదు, ఏం ముట్టుకోలేదు, ఏం తెలీదు. అందరూ అంత ఒద్దికగా ఒకే మాట చెబుతుంటే అనుమానం రావాలి. సుజికి రాలేదు. వాళ్ళకీ తెలియదు కాబోలు అనుకుని మళ్ళీ కోడు మీద పడి తల బద్దలుకొట్టుకుంది.

చివరికి విసిగిపోయి ఒక పొద్దున్న అచ్యుతాపురం మీదుగా వెళ్ళే బస్సెక్కి రేవుకే వెళ్ళింది.

బోట్లన్నీ ఇసక మీదున్నాయి. ఎవరి బోటుకి వాళ్ళు రంగులేసుకుంటున్నారు. ఎర్రయ్య దూరంగా వల బాగుచేసుకుంటూ, సుజిని చూసి కూడా చూడనట్టు తల తిప్పుకున్నాడు. చంటిబాబు డీజిల్ కోసం వెళ్ళాడట. అతని బోటు నీడలో చీర ఉయ్యాల కట్టి దుర్గాలక్ష్మి పసిదాన్ని ఊపుతోంది. పెట్టె చూస్తానంటే "సూడండి" అంది ముభావంగా.

సుజి బోటెక్కి వైర్లు చూసింది, మరలు చూసింది, యాంటెన్నా కదిపి చూసింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒళ్ళు మండి దిగిపోబోతుంటే, యాంటెన్నా కర్రకి తాడుతో వేలాడుతున్న సత్తు గిన్నె మోకాలికి కొట్టుకుంది. పెద్ద గిన్నె. వంటకి వాడినట్టు మసి లేదు. అంచు ఒకచోట వెడల్పుగా కోసేసి ఉంది.

"ఇదేటి, బోటులో వంటకా?"

"ఓలమ్మ, వంటకైతే అంచు కోసుకుంటారేటి? పులుసంతా కారిపోదూ!" అని దుర్గాలక్ష్మి నవ్వేసింది. నవ్వి, వెంటనే నాలుక కరుచుకుంది.

సుజి ఆ గిన్నెని పైకెత్తి యాంటెన్నా మీద బోర్లించి చూసింది. కోసిన చోట వైరు అచ్చంగా సరిపోయింది.

"ఎందుకమ్మా ఇది?"

దుర్గాలక్ష్మి తండ్రి కూర్చున్న వైపు చూసింది. గొంతు తగ్గించింది. "నాను సెప్పేనని ఎవురికీ సెప్పకండి. సేప బాగా పడిన సోట మూత పెట్టేత్తారు. మూత పెడితే ఈ బోటు ఎక్కడుందో పక్కోళ్ళ పెట్టెలో కనబడదు. కనబడితే ఊరు ఊరంతా మీదడిపోరేటి?"

"మీ ఆయన ఎవరికి కనబడకూడదని?"

"మా అయ్యకి."

"మీ అయ్య?"

"మా అయ్య ఈయనకి కనబడకూడదని ఏత్తాడు. మూత ఎయ్యడం ఈయనకి నేర్పింది కూడా మా అయ్యే. పెళ్ళైన కొత్తలో గిన్నె కూడా ఆయనే కోసిచ్చేడు." ఆ మాట చెప్పేటప్పుడు దుర్గాలక్ష్మి మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

పగలంతా మూత కింద ఊపిరాడక మెమరీ అంతా అయిపోయి, సాయంత్రం ఇంజను ఆగిపోయేసరికి పెట్టె చచ్చిపోయి ఉంది. సుజికి అర్థమైంది. ఎదురుగా నవ్వుతున్న మనిషికి మాత్రం ఆ మాట చెప్పలేకపోయింది. వస్తానని చెప్పి బస్సెక్కింది. బస్సులో కూర్చున్నాక ఒళ్ళంతా కోపంతో ఊగిపోయింది. ఇన్నాళ్ళు, ఇన్ని ఫోన్లు, ఒక్కడు! ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పి చెబితే ఏం పోయింది?

ఆఫీసుకి వెళ్తూనే కింద టీ కొట్టులో సత్తు గిన్నె అడిగింది. కొట్టువాడు పాలు ఇంకో దాంట్లో పోసి ఇచ్చాడు. దాన్ని తెచ్చి బల్ల మీది పెట్టె యాంటెన్నాకి బోర్లించి, తెర మీద మిగిలిన మెమరీ అంకె వంక చూస్తూ కూర్చుంది. అంకె తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. జారడం మొదలెట్టింది.

"దొరికేవురా, దొరికేవు!" అని సుజి బల్ల మీద అంత గట్టిగా కొట్టేసరికి పక్కగదిలోంచి దేవప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు.

యాంటెన్నా పీకేస్తే చిప్ మొదలే అవ్వదు. మూత పెడితే అలా కాదు. పంపబోయిన కబురు గిన్నెకి తగిలి వెనక్కి కొడుతుంది. చిప్ బెదిరిపోయి, "ఇప్పుడు కాదు, తర్వాత" అంటుంది. అప్పుడు చిప్ కంపెనీవాళ్ళ కోడు ఆ కబురుని ఒక వరసలో నిలబెడుతుంది. మళ్ళీ పంపి చూస్తుంది, మళ్ళీ కుదరదు, ఈసారి దానికో కొత్త నకలు తీసి అదీ వరసలో నిలబెడుతుంది. ఆ వరసకి హద్దు లేదు. మరిచిపోయిన మెమరీని వెతికే సాధనానికి అది ఎందుకు దొరకలేదంటే, ఎవరూ దాన్ని మరిచిపోలేదు. వరసలో బుద్ధిగా నిలబెట్టి ఉంచారు, అంతే. వరస కట్టే ఆ కోడు లైను పక్కన రాసినవాడెవడో ఒక ముక్క కూడా రాసిపెట్టాడు: వరస పెద్దదైతే అప్పుడు చూద్దాం.

"అప్పుడు చూద్దామట సర్! చూద్దామట!" సుజి ఆ లైను వేలితో పొడుస్తూ అరిచింది. "ఈడు చూసేదాకా మనిషి నీళ్ళలో ఉండాలా?"

సరిచెయ్యడం సులువే అనుకుంది. వరసకి హద్దు పెట్టి, నిండితే అన్నిటికన్నా పాత కబురు పారెయ్యాలి. బోటు పొద్దున్న ఎక్కడుందో సాయంత్రం ఎవడిక్కావాలి? పది లైన్లు రాసి నడిపింది. పెట్టె ఢామ్మని కూలిపోయింది. ఇంతకుముందు నెమ్మదిగా చచ్చేది, ఇప్పుడు ఠపీమని చస్తోంది.

దేవప్రసాద్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. ఆ చూపు సుజికి ఇంకా ఒళ్ళు మండించింది.

తిండి సయించలేదు. రాసింది చెరిపింది, మళ్ళీ రాసింది. సంగతి తెలిశాక సిగ్గేసింది. పాతదని ఆమె పారేస్తున్న కబురునే ఆ క్షణాన చిప్ చేత్తో పట్టుకుని పంపుతోంది. దాని చేతిలోది లాగేసి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తే కూలక ఏం చేస్తుంది! చిప్ చేతిలో ఉన్నదాన్ని ముట్టుకోకుండా, వరసలో ఖాళీగా నిలబడ్డవాటిలోంచే తీసేటట్టు మార్చింది. ఎర్ర మీట కబురు కోసం కొంచెం మెమరీ ఎవరికీ ఇవ్వకుండా ముందే పక్కన పెట్టింది. గిన్నె బోర్లించి వదిలేసింది. అంకె కాస్త తగ్గి, అక్కడే ఆగింది. భోజనానికెళ్ళి వచ్చినా అక్కడే ఉంది. మర్నాడు ఆఫీసుకొచ్చి చూసినా అక్కడే ఉంది.

"అయిపోయింది కదా, నీ మాటే నెగ్గింది" అన్నాడు దేవప్రసాద్ సంతోషంగా. "అన్ని పెట్టెల్లోనూ వేసేద్దాం."

"అవ్వలేదు సర్. పెట్టె ఇంక చావదు. కాని మూత ఉండగా మీట నొక్కితే ఆ కూత బయటికి పోదు. గిన్నె తియ్యాలని వాళ్ళకి చెప్పాలి."

"అది వాళ్ళ గిన్నె, వాళ్ళ గొడవ. మన కోడు మనం బాగుచేసుకున్నాం."

"నేను చెప్పి వస్తాను" అంది సుజి.

బోట్లు నీళ్ళలో దిగడానికి ముందు రోజు రేవంతా జాతరలా ఉంది. గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టారు, బోట్లకి పసుపు రాసి వేపమండలు కట్టారు. పెట్టెలన్నిట్లో కొత్త కోడు ఎక్కించి, అందరినీ కూర్చోబెట్టి సుజి విషయం చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. పెట్టె మీద ఎవరైనా గిన్నెలాంటిది బోర్లిస్తే మీట కూత బయటికి పోదు, ఆపద వస్తే ముందు గిన్నె తియ్యండి, అంతే చెప్పింది.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవుడు బోర్లిత్తాడమ్మా?" అన్నాడు ఎర్రయ్య లేచి. "మాం అలటోళ్ళమా? మా రేవులో ఒకల కాడ ఒకలకి దాపరికం నేదు. మీ పెట్టె పాడైతే మా మీదకి తోసేత్తావేటి?"

"నేదు, నేదు" అన్నారు అందరూ. "మాం ఎరగం." అందరిలోకీ గట్టిగా తలూపినవాడి బోటులో, అతని వెనకాలే, అంచు కోసిన గిన్నె ఎండకి తళతళా మెరుస్తోంది.

సుజికి ఏడుపొచ్చినంత పనైంది. "అయితే సరే బాబాయ్, ఎవరూ బోర్లించడం లేదు. నాకెందుకు? రేపు మీరే పోతారు నీళ్ళలోకి, నేను కాదు!" అని విసురుగా బ్యాగు తీసుకుంది.

అప్పుడు దుర్గాలక్ష్మి లేచింది. పసిదాన్ని పక్కావిడ ఒళ్ళో పెట్టి, తిన్నగా తమ బోటు దగ్గరికి నడిచి, తాడు విప్పి గిన్నె తీసింది. అందరూ చూస్తుండగా యాంటెన్నా మీద బోర్లించింది.

"మీట నొక్కు" అంది మొగుడితో.

చంటిబాబు మామ వంక చూశాడు. "లచ్చిమీ..."

"నొక్కమన్నానా?"

నొక్కాడు. ఇసక మీద వరసగా ఉన్న బోట్లలో ఏ పెట్టే పలకలేదు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. దుర్గాలక్ష్మి గిన్నె తీసి పక్కన పడేసింది. చంటిబాబు మళ్ళీ నొక్కి పట్టాడు.

రేవు రేవంతా ఒక్కసారి గొల్లుమంది. ప్రతి బోటు మీదా ప్రతి పెట్టే కూతపెట్టింది. కాకులు లేచిపోయాయి, పిల్లలు చెవులు మూసుకున్నారు, పసిదాని ఏడుపు ఆ కూతలో కలిసిపోయింది. దుర్గాలక్ష్మి కదలకుండా నిలబడి వింది.

"ఆ దినం ఇలగ మోగాలా?" అని అడిగింది సుజిని.

"మోగాలి."

"నాను గిన్నె తీసే నొక్కేనమ్మా" అన్నాడు చంటిబాబు. "ఒట్టు. తీసే నొక్కేను."

"తీసే నొక్కావు. అప్పటికే పెట్టె చచ్చిపోయింది. పొద్దుట్నుంచీ మూత కింద ఉండి చచ్చిపోయింది. మూత పెట్టినా చావకుండా ఉండాల్సింది, అది మా కోడు తప్పు. అది బాగుచేశాను." సుజి అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఎవరో పెట్టె ఆపబోతే దుర్గాలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆపకండి. మోగనీయండి."

ఎర్రయ్య నిలబడ్డచోటే ఇసకలో కూలబడ్డాడు. పెదాలు కదిలాయి. ఆ మోతలో ఆయన మాట ఎవరికీ వినబడలేదు. కూతురు మాత్రం ఆయన మొహమే చూస్తోంది. కాసేపటికి తనే మొగుడికి సైగ చేసింది. చంటిబాబు మీట వదిలాడు. రేవు మొత్తం చప్పున నిశ్శబ్దమైంది.

"ఏటన్నావు అయ్యా?" అంది దుర్గాలక్ష్మి. "ఇప్పుడు సెప్పు. అందరికీ ఇనబడేటట్టు సెప్పు."

ఎర్రయ్య ఇసకలో చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"నానే నేర్పేను ఆడికి" అన్నాడు. "గిన్నె నానే కోసిచ్చేను."